పక్కన పెట్టమన్న అక్షరాలతో పద్నాలుగు నెలలు: నా అనుభవం

నాకు అప్పజెప్పిన పని ఒక్క వాక్యంలో ఉంది. "జీనోమ్‌లో రిపీట్లన్నీ గుర్తుపట్టి, మాస్క్ చేసి, ఆ ఫైల్ జన్యువులు వెతికేవాళ్లకు ఇచ్చెయ్యి." జీనోమ్ అంటే ఒక జీవి డీఎన్ఏ రాత మొత్తం, రిపీట్లంటే అందులో మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు, మాస్క్ చేయడమంటే వాటిని కప్పేయడం. రెండు వారాల పని అన్నారు. నాకు పద్నాలుగు నెలలైంది, ఇంకా నడుస్తోంది. ఈమధ్య మన పిల్లలు చాలామంది బయోఇన్ఫర్మేటిక్స్‌లోకి, అంటే డీఎన్ఏ రాతను కంప్యూటర్‌తో చదివే పనిలోకి, వస్తున్నారు. వాళ్లలో కొందరు "రిపీట్ అనాలిసిస్ కష్టమా అక్కా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే జరిగింది జరిగినట్టు రాస్తే మేలనిపించింది.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్నకు నాలుగెకరాల రొయ్యల చెరువు. సీడ్ (రొయ్య పిల్లలు) కొనేముందు, జబ్బు ఉందో లేదో డీఎన్ఏ చూసి చెప్పే పీసీఆర్ రిపోర్టు కళ్లతో చూడనిదే నాన్న అడ్వాన్సు ఇచ్చేవాడు కాదు. వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చి మా పక్క చెరువు మూడు నాలుగు రోజుల్లో తుడిచిపెట్టుకుపోయిన సంవత్సరం నాకింకా గుర్తుంది. గట్టు మీద ఆ రైతు కూర్చున్న తీరు కూడా గుర్తుంది. నీళ్లలో బతికే జీవాలకు జబ్బు ఎలా వస్తుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా పాకుతుంది అన్న ప్రశ్న నాకు పుస్తకంలోంచి రాలేదు. ఎమ్మెస్సీ అయ్యాక పీహెచ్‌డీకి అమెరికా వచ్చాను. ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రం తీరంలో దొరికే ఒక ఆల్చిప్ప నా చేతికొచ్చింది.

దాని శాస్త్రీయ నామం మయా అరెనేరియా. పెంకు సుద్దలా తెల్లగా, పల్చగా ఉంటుంది. వేళ్లతో గట్టిగా నొక్కితే పగిలిపోతుంది. ఇక్కడివాళ్లు దీన్ని ఆవిరి మీద ఉడికించి వెన్నలో ముంచుకుని తింటారు, అందుకే వాడుకలో 'స్టీమర్' అంటారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మొదటిసారి బురదలోకి దిగింది మార్చిలో. నీళ్లు మూడు నాలుగు డిగ్రీలుంటాయి. ఆటుకి సముద్రం దూరంగా వెనక్కి వెళ్లిపోయి, నల్లటి బురద మైదానం బయటపడింది. దాని మీద అక్కడక్కడ చిటికెనవేలు పట్టేంత కన్నాలు. దగ్గర్లో అడుగు వేస్తే కన్నంలోంచి సన్నగా నీళ్లు చిమ్ముతాయి. కింద ఆల్చిప్ప తన గొట్టాన్ని లోపలికి లాక్కుంటోందన్నమాట. మాతో వచ్చిన తవ్వకందారు అరవై దాటిన మనిషి. చేతిలో పొట్టి పిడికి పొడవాటి పళ్లున్న పనిముట్టు. మా ఊళ్లో నాట్లు వేసే ఆడవాళ్లలా నడుము దగ్గర వంగి, మళ్లీ లేవకుండా గంటసేపు అలాగే వెనక్కి నడుస్తూ తవ్వాడు. "కన్నం మీద కొట్టకండి. దాని వెనక కొట్టి బురదను మీవైపు లాగండి. పెంకు పగిలితే అది మీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు" అని నాకు నేర్పాడు. ఇక్కడ రెండంగుళాల కన్నా చిన్నది పట్టుకెళ్లకూడదు. చిన్నవి కనిపించినప్పుడల్లా ఆయన వాటిని బురదలోకే మెల్లగా దించి, పైన మట్టి సర్దాడు. నా వేళ్లు కొంకర్లు పోయి పెన్ను పట్టుకోలేకపోయాను. లేబుళ్లు ఆయనే రాసిచ్చాడు.

ల్యాబ్‌కి వచ్చాక మొదటి పని రక్తం తీయడం. ఆల్చిప్ప రక్తానికి రంగు ఉండదు. రెండు పెంకుల సందులోంచి సన్నని సూది పంపి, కండరం దగ్గర కొంచెం లాగి, ప్లేటులో చుక్క వేసి గంటసేపు వదిలేయాలి. తర్వాత మైక్రోస్కోపు. ఆరోగ్యంగా ఉన్న చిప్ప రక్తకణాలు ప్లేటు అడుగుకు అతుక్కుని, బట్ట మీద పిండివడియం పెట్టినట్టు పరుచుకుంటాయి, అంచుల్లోంచి సన్నని కొమ్ములు చాస్తాయి. పదమూడో చిప్పలో అలా కనపడలేదు. కణాలన్నీ నానిన సగ్గుబియ్యంలా గుండ్రంగా, మెరుస్తూ, దేనికీ అంటుకోకుండా తేలుతున్నాయి. ప్లేటు కదిలిస్తే అన్నీ కదిలాయి. మా గైడ్ మేడమ్ వచ్చి చూసి "ఇది ఉంచు" అంది. ఆ చిప్ప పైకి చూస్తే మిగతావాటిలాగే ఉంది.

ఆ గుండ్రటి కణాలు క్యాన్సర్. రక్తక్యాన్సర్ లాంటిది. 1970ల నుంచే ఈ తీరంలో శాస్త్రవేత్తలు దీన్ని గమనిస్తున్నారు. తినేవాళ్లకు దీనివల్ల ప్రమాదం లేదు. అమ్మ ఫోన్‌లో మొదట అడిగింది అదే. "మనుషులకు రాదమ్మా" అని చెప్పాక గానీ పెట్టలేదు.

డీఎన్ఏ తీసేలోపు చదవమని మేడమ్ రెండు పేపర్లు ఇచ్చింది, ఒకటి 2014ది, ఒకటి 2015ది. నా రెండు వారాల పని పద్నాలుగు నెలలు కావడానికి కారణం ఆ రెండు పేపర్లే.

జబ్బు చేసిన చిప్పల రక్తంలో రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ అనే ఎంజైమ్ పని చేస్తున్నట్టు అంతకుముందే తెలుసు. ఆర్ఎన్ఏని చూసి డీఎన్ఏ రాసే ఎంజైమ్ అది. హెచ్ఐవీ లాంటి రెట్రోవైరస్‌లకు అదే ఆయువుపట్టు. కాబట్టి వైరస్ ఉండొచ్చని వెతికారు. కొలంబియా యూనివర్సిటీలో స్టీఫెన్ గాఫ్ ల్యాబ్‌లో దొరికింది మాత్రం వైరస్ కాదు. చిప్ప జీనోమ్‌లోనే ఉండే, తన నకలు తానే తీసుకుని ఇంకోచోట అతికించుకునే ఒక డీఎన్ఏ ముక్క. పొడవు దాదాపు ఐదు వేల అక్షరాలు. చిప్ప వాడుక పేరే దానికీ పెట్టారు: స్టీమర్. ఆరోగ్యంగా ఉన్న చిప్పల్లో దాని నకళ్లు ఒక్కో జీనోమ్ ప్రతికి 2 నుంచి 10 దాకా ఉంటాయి. క్యాన్సర్ కణాల్లో 150 నుంచి 300 దాకా ఉన్నాయి.

ఇది చదివితే ఎవరికైనా తట్టే మాట ఒకటే. ఈ ముక్క గెంతి గెంతి ఏదో ముఖ్యమైన జన్యువులో పడి క్యాన్సర్ తెప్పిస్తోంది. అదే నిజమైతే ఒక్కో చిప్పలో అది ఒక్కో చోట పడి ఉండాలి. గెంతేది ఎక్కడ పడుతుందో ముందే రాసిపెట్టి ఉండదు కదా. వాళ్లు ఎక్కడ పడిందో చూశారు. న్యూయార్క్ చిప్ప, మెయిన్ చిప్ప, కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ చిప్ప, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. వాటి క్యాన్సర్ కణాల్లో స్టీమర్ పడిన చోట్లలో చాలావరకు ఒకటే. అవే చిప్పల సొంత కండరంలో చూస్తే ఆ చోట్లలో ఏమీ లేదు. అంటే క్యాన్సర్ ఆ చిప్పలో పుట్టలేదు. ఎప్పుడో ఒక చిప్పలో పుట్టిన క్యాన్సర్ కణాలే సముద్రపు నీళ్లలో కొట్టుకుపోతూ ఇంకో చిప్పలోకి, అక్కణ్నుంచి ఇంకోదాంట్లోకి వెళ్తున్నాయి. అంతకుముందు అలా పాకే క్యాన్సర్లు తెలిసింది కుక్కల్లోనూ, ఆస్ట్రేలియాలోని టాస్మేనియన్ డెవిల్స్ అనే జంతువుల్లోనూ మాత్రమే. 2023లో అదే శాస్త్రవేత్తల బృందంలోని వాళ్లు మరికొందరితో కలిసి ఈ చిప్ప జీనోమ్ మొత్తం అచ్చు వేసినప్పుడు, ఈ క్యాన్సర్ వయసు 200 ఏళ్లకు పైనే అని తేల్చారు. మొదట అది పుట్టిన చిప్ప ఎప్పుడో పోయింది. దాని కణాలు ఇంకా బతికే ఉన్నాయి. పదమూడో చిప్పలో నేను చూసినవి అవే.

ఈ సంగతి పట్టిచ్చింది ఏది? స్టీమర్ పడిన చోట్లు ఒకటి. మైక్రోసాటిలైట్లు, అంటే రెండు మూడు అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలు, ఇంకొకటి. రెండూ రిపీట్లే. వాటిని "మాస్క్ చేసి పక్కన పెట్టు" అన్నారు నన్ను.

మాస్క్ చేయడమంటే ఏమిటో చెప్పాలి. జీనోమ్ అంటే నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత. ఈ చిప్పది 122 కోట్ల అక్షరాలు. మనిషిది 300 కోట్ల పైచిలుకు. ఆ రాతలో జన్యువుల వాటా చాలా కొంచెం. మిగతాదాంట్లో పెద్ద భాగం మళ్లీ మళ్లీ వచ్చే రాత. కొన్ని రిపీట్లు తోరణంలో మామిడాకుల్లా ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉంటాయి. ఇంకొన్ని వరిచేలో ఊదలా అక్కడొకటి ఇక్కడొకటి మొలుస్తాయి, స్టీమర్ ఈ రెండో రకం. జన్యువులు వెతికే సాఫ్ట్‌వేర్‌కి ఇవి అడ్డం. గెంతే ముక్కల్లో కూడా ప్రొటీన్ రాసే భాగాలుంటాయి కాబట్టి వాటిని చిప్ప జన్యువులనుకుని మోసపోతుంది. అందుకే ముందుగా రిపీట్లను కప్పేస్తారు. కప్పడంలో తప్పేం లేదు. కప్పేముందు ఏం కప్పుతున్నామో చూడకపోవడమే నాకు మింగుడుపడలేదు.

ఎమ్మెస్సీలో మా సారు చెప్పిన ఒక పాఠం అప్పుడు గుర్తొచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు మన దేశపు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి వాడిన ప్రోబ్ (తనలాంటి రాతను పట్టిచ్చే డీఎన్ఏ ముక్క) దేన్నుంచి వచ్చిందో తెలుసా? కట్లపాము జాతి పాములోని రిపీట్ల నుంచి. జీ, ఏ, టీ, ఏ అనే నాలుగక్షరాలు వరసగా మళ్లీ మళ్లీ వచ్చే రాత అది. తండ్రి ఎవరో, నేరస్థుడు ఎవరో తేల్చడానికి కోర్టుల్లో పనికొచ్చింది ఎవరూ పట్టించుకోని ఆ రాతే. ఆ రోజు క్లాసులో పరీక్ష కోసం రాసుకున్న మాటకు బరువెంతో ఆల్చిప్పతో కూర్చున్నాక తెలిసింది.

సరే, పనికి వస్తాను. మొదటి అడ్డంకి డీఎన్ఏ తీయడమే. పాములు, చేపల డీఎన్ఏ తీసిన స్నేహితులు ఒక్క పూటలో అయిపోతుందన్నారు. ఆల్చిప్ప ఒళ్లంతా జిగురు. కిట్ వాడి తీస్తే ట్యూబ్ అడుగున బెండకాయ జిగురు లాంటి ముద్ద మిగిలింది. అందులో డీఎన్ఏ ఉంది, దాంతోపాటు చక్కెర గొలుసులు కూడా ఉన్నాయి. డీఎన్ఏని సన్నని రంధ్రాల్లోంచి పంపి చదివే నానోపోర్ యంత్రంలో ఆ సరుకుతో చేసిన మొదటి రన్ సగంలోనే చచ్చిపోయింది, రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. ఆ రంధ్రాలుండే చిప్, అంటే ఫ్లో సెల్, ఖరీదు తలుచుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత మొక్కల డీఎన్ఏ తీసేవాళ్లు వాడే పాత పద్ధతికి మారాను: సీటాబ్ అనే ద్రావణం, 65 డిగ్రీలు, క్లోరోఫామ్‌తో రెండుసార్లు కడగడం. పొట్ట భాగం మానేసి కాలి కండరం మాత్రమే కోశాను. ఐదోసారి ఆల్కహాల్ పోసినప్పుడు ట్యూబ్‌లో తెల్లటి దారం పైకి లేచింది. చక్కెర పాకం తీగలా గాజు కడ్డీకి చుట్టుకుంది. ఈ పని చేయబోయేవాళ్లకు నా సలహా ఇదొక్కటే: కిట్ మీద డబ్బు పోయకండి, కండరం తీసుకోండి, సన్నమూతి టిప్పులతో పీల్చకండి, దారం తెగిపోతుంది. పొడవైన దారం లేకపోతే రిపీట్ల కథ చదవలేరు.

ఎందుకంటే పాత పద్ధతిలో డీఎన్ఏని నూట యాభై అక్షరాల ముక్కలుగా చదివి, కంప్యూటర్‌లో మళ్లీ అతికించేవాళ్లు. ఐదు వేల అక్షరాల స్టీమర్ రెండు వందల చోట్ల ఒకేలా ఉంటే, దాని మధ్యలోంచి వచ్చిన నూట యాభై అక్షరాల ముక్క ఏ చోటిదో ఎలా చెప్తాం? సాఫ్ట్‌వేర్ రెండు వందలనీ ఒక్కదాని మీద పేర్చేస్తుంది. ఇప్పటి పద్ధతిలో ఒక్కో ముక్క పదిహేను ఇరవై వేల అక్షరాలు వస్తుంది. స్టీమర్ మొత్తం, దానికి అటూ ఇటూ ఉన్న ఊరి పేరు కూడా ఒకే ముక్కలో ఉంటుంది.

రెండో అడ్డంకి నేను ఊహించనిది. 2023లో అచ్చైన జీనోమ్ ఒక చిప్పది. మాది వేరే చోట్ల నుంచి తెచ్చిన చిప్పలతో పోల్చే పని. జీనోమ్ 122 కోట్లు రావాలని నాకు ముందే తెలుసు. ముక్కలన్నీ అతికించి కట్టిన నా మొదటి అసెంబ్లీ 200 కోట్లు దాటింది. రిపీట్లు దొరికేశాయని వారం రోజులు సంబరపడ్డాను. తీరా చూస్తే అవి రిపీట్లు కావు. ఆల్చిప్పల్లో తల్లి నుంచి వచ్చిన ప్రతికీ తండ్రి నుంచి వచ్చిన ప్రతికీ తేడా చాలా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ ఆ రెంటినీ వేర్వేరు చోట్లనుకుని రెండూ ఉంచేసింది. 2012లో పసిఫిక్ ఆయిస్టర్ అనే ఇంకో రకం చిప్ప జీనోమ్ చేసినవాళ్లు ఈ బాధ పడలేకే నాలుగు తరాలు అన్నాచెల్లెళ్లను జత కట్టించి పెంచిన ఆయిస్టర్‌ని తీసుకున్నారు. బురదలోంచి తవ్వి తెచ్చిన చిప్పకు ఆ వసతి లేదు. దీనికి మందు, ముందుగా రాతను ఇరవై ఒక్క అక్షరాల తునకలుగా కోసి, ఒక్కో తునక ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి గీత గీసి చూడటం. నాకొచ్చిన గీతలో ఒంటె వీపులా రెండు మూపురాలున్నాయి. ఒకటి తల్లీతండ్రీ వేరుగా ఉన్న చోట్లది, ఒకటి ఇద్దరిదీ కలిసిన చోట్లది. కుడివైపు నేలకంటి సాగిపోయే పొడవాటి తోక రిపీట్లది. ఆ గీత ముందే గీసి ఉంటే వారం సంబరం, తర్వాత నెల రోజుల దిగులు తప్పేవి.

తర్వాత రిపీట్‌మోడలర్ నడిపాను. సొంతంగా జీనోమ్‌ని వెతికి, ఒకేలా ఉన్నవన్నీ కుటుంబాలుగా పోగేసే సాఫ్ట్‌వేర్ అది. రెండు వేలకు పైగా కుటుంబాలు ఇచ్చింది. వాటిలో సగానికి పైగా వాటి ఎదురుగా ఒకటే మాట: 'అన్‌నోన్'. మనుషుల్లో, ఎలుకల్లో, ఈగల్లో రిపీట్లను దశాబ్దాల తరబడి జనం కూర్చుని చూశారు కాబట్టి వాటికి పేర్లున్నాయి. ఆల్చిప్పల దగ్గర అంతమంది కూర్చోలేదు. గెంతే జన్యువులను మొక్కజొన్న గింజల రంగుల్లో చూసి చెప్పిన బార్బరా మెక్‌క్లింటాక్‌కి నోబెల్ వచ్చింది 1983లో. ఈ చల్లటి నీళ్ల జీవాల దగ్గర ఆ పని ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. ఆ రెండు వేల కుటుంబాలనూ ఉన్నవి ఉన్నట్టు లైబ్రరీగా, అంటే రిపీట్ల జాబితాగా, పెట్టి, జీనోమ్ మొత్తం కప్పేసి, ఫైల్ ఇచ్చేశాను. మూడు నెలల తర్వాత మా ల్యాబ్‌లో జన్యువులు చూసే అబ్బాయి నా దగ్గరకొచ్చాడు. "ఆయిస్టర్‌లో హెచ్ఎస్‌పీ70 జన్యువులు 88 ఉన్నాయి కదా. మన చిప్పలో ఇంత తక్కువేంటి?" అన్నాడు. వేడిమి, చలి, ఉప్పు మార్పు లాంటి ఒత్తిడి వచ్చినప్పుడు ప్రొటీన్లు పాడవకుండా కాపాడే జన్యువులవి. ఆటుకి బయటపడి ఎండకీ, పోటుకి మునిగి చలికీ తట్టుకోవాల్సిన జీవికి అవి ప్రాణం. నా లైబ్రరీ తెరిచి వెతికాం. రెండు 'అన్‌నోన్' కుటుంబాలు నిజానికి రిపీట్లు కావు, హెచ్ఎస్‌పీ70 జన్యువులే. ఎక్కువ నకళ్లున్నాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని రిపీట్లనుకుంది, నేను చూడకుండా కప్పేశాను. అతని మూడు నెలల పని నా వల్ల వృథా అయింది. ఒక్క మాట అనలేదతను. "మళ్లీ చేద్దాం" అన్నాడు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. లైబ్రరీలోని ప్రతి కుటుంబాన్నీ ముందు ప్రొటీన్ల డేటాబేస్‌తో పోల్చాలి. గెంతే ముక్కల ప్రొటీన్ కాకుండా వేరే ప్రొటీన్ తగిలితే దాన్ని లైబ్రరీలోంచి తీసేయాలి. ఇది ఒక మధ్యాహ్నం పని. చేయకపోతే ఏమవుతుందో చెప్పాను కదా.

మిగిలినవాటితో చేత్తో పని మొదలుపెట్టాను. ఒక కుటుంబం తీసుకుంటాను. దాని నకళ్లు జీనోమ్‌లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, బాగా కలిసినవి ఒక ముప్పై ఏరి, ఒక్కోదానికి అటు రెండు వేలు ఇటు రెండు వేలు అక్షరాలు ఎక్కువ పెట్టి కోసి, ఒకదాని కింద ఒకటి పేరుస్తాను. స్క్రీన్ మీద నాలుగు అక్షరాలకు నాలుగు రంగులు. మధ్యలో ముప్పై వరసలూ ఒకే రంగుల్లో, నేతచీర అంచులా నిలువు చారలుగా ఉంటాయి. అటూ ఇటూ జరుగుతూ పోతే ఒకచోట చారలు హఠాత్తుగా చెదిరిపోయి, ఏ వరసకి ఆ వరస వేరే రంగులవుతుంది. అదే అంచు. అక్కడిదాకా గెంతే ముక్క, అవతల అది దిగిన ఊరు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కుటుంబం చాలాసార్లు అసలు ముక్కలో మూడో వంతే ఉండేది, అంచులు ఇంకా దూరంగా ఉండేవి. మళ్లీ పొడిగించి, మళ్లీ పేర్చాలి. అంచు దొరికాక దాని పక్కన చూస్తే, రెండువైపులా అవే నాలుగైదు అక్షరాలు రెండుసార్లు ఉంటాయి. గెంతే ముక్క దిగేటప్పుడు డీఎన్ఏని మెట్టుమెట్టుగా కోస్తుంది, ఆ కోతను కణం పూడ్చినప్పుడు ఆ అక్షరాలు రెండింతలవుతాయి. అది దిగిన చోట వేసిన కాలిముద్ర లాంటిది. ఒక్కో కుటుంబానికి గంట నుంచి ఒక రోజు పట్టేది. మేడమ్ మొదట్లో అసహనపడింది. ఇరవయ్యో కుటుంబం చూపించినప్పటి నుంచి రోజూ సాయంత్రం నా సీటు దగ్గరకొచ్చి "ఈరోజు ఏం దొరికింది?" అని అడగడం మొదలుపెట్టింది.

ఒక కుటుంబంలో నకళ్లన్నీ దాదాపు అచ్చుగుద్దినట్టు ఉంటే అది ఈమధ్యే గెంతినట్టు లెక్క. ఒక్కోదాంట్లో ఒక్కో అక్షరం మారి చెదిరిపోయి ఉంటే ఎప్పటిదో. ఇలా వయసు కట్టి గీసిన పటం నాకు అన్నిటికన్నా ఇష్టం. మా చిప్పలో రెండూ ఉన్నాయి: గుర్తుపట్టలేనంత అరిగిపోయినవీ, నిన్నో మొన్నో దిగినట్టున్నవీ.

చలికీ రిపీట్లకూ సంబంధం ఉందా అని అందరూ అడుగుతారు. నేనూ మొదట్లో ఉందనే అనుకున్నాను. 2023లో అచ్చైన అంటార్కిటిక్ క్రిల్ (చిన్న రొయ్యలాంటి జీవి) జీనోమ్ 4,800 కోట్ల అక్షరాలు, అందులో 92 శాతం రిపీట్లు. అది చదివితే చలే కారణమనిపిస్తుంది. కానీ 2017లో లోతు సముద్రపు చల్లటి అడుగున బతికే ఒక మస్సెల్ (ఇదీ ఒక రకం చిప్పే) జీనోమ్‌ని, దాని చుట్టమైన వెచ్చటి తీరపు మస్సెల్ జీనోమ్‌ని పక్కపక్కన పెట్టి చూశారు. చలిలో ఉన్నదాంట్లో రిపీట్లు 48 శాతం దగ్గర, వెచ్చగా ఉన్నదాంట్లో 62 శాతం. మా ఊరి చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య చలి ఎరగదు, అయినా దాని జీనోమ్‌లో దాదాపు 24 శాతం కొద్ది అక్షరాలే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలే. ఇది నాన్నకు చెప్తే "అంటే మన రొయ్య తక్కువదేం కాదన్నమాట" అని మురిసిపోయాడు. చలి ఒక్కటే కారణమని ఎవరైనా సులువుగా చెప్తే నేను ఒప్పుకోను. ఒక్కో జీవి చరిత్ర ఒక్కోలా ఉంది, ఒక్కోదాన్నీ కూర్చుని చదవాల్సిందే.

పదకొండో నెలలో పదమూడో చిప్ప రక్తం డీఎన్ఏ, అదే చిప్ప కాలి కండరం డీఎన్ఏ, రెండూ చదివి వచ్చాయి. జబ్బు ముదిరిన చిప్ప రక్తంలో దాదాపు అన్నీ క్యాన్సర్ కణాలే ఉంటాయి, కండరంలో ఎక్కువ భాగం చిప్ప సొంతవి. ముందు నకళ్లు లెక్కించాను. ఒక్కటే ప్రతి ఉండే జన్యువుతో పోల్చి చూస్తే కండరంలో స్టీమర్ కొద్దిగానే ఉంది, రక్తంలో వందల్లో ఉంది. చదివింది కళ్ల ముందు కనపడటం వేరు. రెండు లెక్కలూ ఒకదానికొకటి అంత దూరంగా ఉంటే, తప్పు చేశానేమోనని మూడుసార్లు మళ్లీ చేశాను.

ఆ తర్వాత నలభై కిలోమీటర్ల అవతలి ఇంకో కోవ (తీరంలో లోపలికి చొచ్చుకొచ్చిన చిన్న సముద్రపు పాయ) నుంచి తెచ్చిన జబ్బు చిప్పను చదివించాం. ఆ ఫైల్ వచ్చిన రోజు ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను, బయట మంచు పడుతోంది. పదమూడో చిప్ప రక్తంలో స్టీమర్ దిగిన ఒక చోటు తీసుకున్నాను. ఎడమ ఊరు, స్టీమర్, కుడి ఊరు. రెండో చిప్ప రక్తంలో అదే చోటు తెరిచాను. అదే ఎడమ ఊరు, అదే అక్షరం దగ్గర తెగి, స్టీమర్ మొదలైంది. చివర అవే ఐదు అక్షరాలు మళ్లీ ఉన్నాయి. రెండు చిప్పల కండరాలూ తెరిచాను. అక్కడ ఎడమ ఊరూ కుడి ఊరూ కలిసే ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు, ఆ ఐదు అక్షరాలు ఒక్కసారే ఉన్నాయి. ఇంకో చోటు, ఇంకో చోటు, అలా పదిహేడు చూశాను. నలభై కిలోమీటర్ల దూరంలో, ఒకదాన్నొకటి ఎప్పుడూ చూడని రెండు చిప్పల ఒళ్లల్లో ఒకే ప్రాణి తిరుగుతోంది. పక్క చెరువు గట్టు మీద కూర్చున్న ఆ రైతు మళ్లీ గుర్తొచ్చాడు. ఇండియాలో తెల్లవారుజామని తెలిసినా నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని, "మరి దానికి పీసీఆర్ టెస్టు పెట్టొచ్చా?" అని అడిగాడు. పెట్టొచ్చు నాన్నా, అన్నాను. స్టీమర్ దిగిన చోటికే ప్రైమర్ (ఆ చోటుని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్క) కడితే జబ్బు కణం ఉంటేనే బ్యాండ్, అంటే ఉందని చూపే గీత, వస్తుంది.

ఇప్పుడు ఆ ప్రైమర్లే కడుతున్నాను. మాకు చిప్పలు తవ్విచ్చిన పెద్దాయన తన కోవలోవి కూడా చూసి చెప్పమన్నాడు, మంచు కరిగాక వెళ్తాం. అన్‌నోన్ కుటుంబాల పని కూడా నడుస్తోంది. ఈ వారం స్క్రీన్ మీద ఉన్నది 612వది. ఎడమ అంచు దొరికింది. కుడివైపు నాలుగు వేల అక్షరాలు పొడిగించినా చారలు ఇంకా చెదరడం లేదు.